పుస్తకంలో లేని ఆయ్

పోయిన వారం మా మందిరానికి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. పాటల స్లైడ్లన్నీ పాతదాని నుంచి అందులోకి ఎక్కించాను. కొత్తదాంట్లో తెలుగు తప్పులు పట్టే ఏర్పాటు ఉంది. తప్పు అనుకున్న మాట కింద ఎర్రగీత గీస్తుంది. ఇరవై ఏడో పాట తెరవగానే పల్లవి చివర ఒక చిన్న మాట కింద గీత పడింది. ఆ మాట "ఆయ్".

గీత చూసి నవ్వొచ్చింది. రెండేళ్ల కిందట అదే మాట కింద నేనూ గీత గీశాను. అప్పుడు నన్ను దిద్దిన మనిషి ఇప్పుడు లేరు.

మాది జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు ఆగే సఖినేటిపల్లి రేవుకు దగ్గర్లో, వశిష్ఠ గోదావరి గట్టు కింద ఊరు. నన్ను దిద్దిన ఆయన్ని ఊళ్లో "పాటలాయన గారు" అనేవారు. పేరులోనే 'ఆయన' ఉండగా మళ్లీ గారు ఎందుకని చిన్నప్పుడు అడిగితే మా అమ్మ, "గారు లేకపోతే బోడిగా ఉండదూ?" అంది. ఎదురుగా మాత్రం ఎవరి వరసను బట్టి వాళ్లు పిలిచేవారు. నాకు మావయ్యగారు. ఆదివారం మా మందిరంలో ఆరాధన నడిపించేది ఆయనే. మిగతా ఆరు రోజులు కొబ్బరి వలుపు పనికి వెళ్లేవారు. నేలలో పాతిన ఇనప గునపానికి కాయ గుచ్చి, మూడు తిప్పుల్లో పీచు ఊడదీసి పక్కకు విసిరేవారు. ఏ పాటైనా ఆ మూడు తిప్పుల వేగంతోనే ఎత్తుకునేవారు. ఒకసారి ఫోన్లో కొలిచి చూసి, నిమిషానికి డెబ్బై రెండు దెబ్బలని చెప్పాను.

"అది ఆదివారం లెక్కండి ఇంజనీరు గారూ. శనివారం సాయంత్రం కాయల రాశి దగ్గరకొచ్చి కొలవండి, నలభైకి దిగిపోద్ది" అన్నారు.

నేను ఇంజనీరుని కాను. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లకు ప్యానెళ్లు బిగిస్తాను. ఆయన మామూలుగా నన్ను "బాబూ" అనేవారు. "ఇంజనీరు గారూ" అన్నారంటే ఏదో అంటించబోతున్నారని అర్థం.

మందిరంలో మైకులు, మిక్సర్, తెర, యూట్యూబ్ ప్రసారం నావి. ఆ పని మొదలుపెట్టిన కొత్తలో ఆయన మీద నాకున్న ఫిర్యాదులు ఒక కాగితం మీద రాసుకున్నాను. మైకు నోటి దగ్గర పెట్టుకోరు, బొడ్డు దగ్గర పట్టుకుంటారు. వేదిక ఎక్కరు, ఆడవాళ్ల చాపలకూ మగవాళ్ల కుర్చీలకూ మధ్య నడవలో నిలబడతారు, కెమెరాలో వీపు తప్ప ఏమీ పడదు. ఒకే పాట ఒక వారం మూడు నిమిషాలు, ఇంకో వారం పదకొండు. నాలుగోది అన్నిటికన్నా పెద్దది: శృతి ఏ వారానికి ఆ వారం మారిపోతుంది.

మైకు గురించి ఒకసారి అడిగాను.

"మావయ్యగారూ, మీ గొంతు ఎవరికీ వినబడట్లేదండి."

"మరి పాట వినబడుతుందా?"

"పాట వినబడుతుందండి. అందరూ పాడుతున్నారు కదా."

"అయితే ఇంకేం కావాలి బాబూ?"

శృతి సంగతి కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆడవాళ్ల వైపు ముందు వరసలో గోడకు ఆనుకుని ఒక మామ్మగారు కూర్చునేది. ఎనభై దగ్గర పడిన మనిషి. చదువు రాదు, పాటలన్నీ నోటికి వచ్చు. శనివారం వచ్చి మందిరం చిమ్మి చాపలు పరిచేది కూడా ఆమే. ఆరాధనకు ముందు పాటలాయన గారు ఆవిడ దగ్గరకు వెళ్లి, వంగి, "గొంతెలా ఉందండీ ఈ వారం?" అని అడిగేవారు. "పట్టేసిందండి" అంటే రెండు మెట్లు కిందకు. "బానే ఉందండి" అంటే మామూలుకి. ఆమె పాడగలిగిన శృతి మందిరంలో ఎవరైనా పాడగలరని ఆయన లెక్క. కీబోర్డు వాయించే అబ్బాయి ప్రతి వారం ఆ నడవ వైపు చెవి పెట్టుకుని కూర్చునేవాడు.

ఆయనలో అన్నీ మెచ్చుకునేవే ఉన్నాయని అనను. అలక ఎక్కువ. ఒక క్రిస్మస్‌కు యువకులు ముందే రికార్డు చేసిన సంగీతం పెట్టి పాడితే, నెల రోజులు మాతో ముక్తసరిగా మాట్లాడారు. మా పాస్టరు అయ్యగారు ప్రసంగానికి సిద్ధమై గడియారం చూస్తున్నా చూడనట్టు పల్లవి మళ్లీ ఎత్తుకునేవారు. అయ్యగారు దగ్గితే, "అయ్యగారి గొంతు కోసం కూడా ప్రార్థన చేయండి" అని పాటలో కలిసిపోయేవారు. చొక్కా మీద ఇస్త్రీ మడత పోతుందని పాట అయ్యేదాకా కూర్చునేవారు కాదు.

కానీ పాటలో ఎక్కడైనా ప్రశ్న వస్తే ఆయన చేసే పని ఒకటుండేది. అది ఇంకెక్కడా చూడలేదు. ప్రశ్న పాడి, ఆగి, కుడి అరచెయ్యి దొప్పలా చేసి చెవి వెనక పెట్టుకుని, జనం వైపు తిరిగేవారు. వేలు ఎత్తడం, "గట్టిగా" అని గద్దించడం లేదు. దూరం నుంచి ఎవరో పిలిస్తే వినడానికి పెట్టే చెయ్యి అది.

"పాటల్లో సగం ప్రశ్నలే ఉంటాయి బాబూ" అన్నారొకసారి, అల్లం టీ ఊదుకుంటూ. "మనం ప్రశ్న పాడేసి, ఊపిరి పీల్చుకుని, చరణంలోకి దూకేస్తాం. అడిగినాయన అక్కడే నిలబడిపోతాడు పాపం."

ఇరవై ఏడో పాటలో ప్రభువే అడుగుతాడు: "ఈ రేవు విడిచి నాతో వచ్చెదవా?" తర్వాత నాలుగు దెబ్బల ఖాళీ. ఆ ఖాళీలో మా మందిరం మొత్తం, ఏకకంఠంతో, "ఆయ్" అనేది.

మా వైపు అవునన్నా, సరేనన్నా, వింటున్నానన్నా ఆ ఒక్క మాటే. ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి పాటలో ఉందనే అనుకున్నాను. స్లైడ్లు తయారు చేయడానికి పాటల పుస్తకం ముందు పెట్టుకుంటే తెలిసింది, లేదని. అలా వెతుకుతూ పోతే పుస్తకానికీ మా పాటకూ పద్నాలుగు తేడాలు దొరికాయి. కాగితం మీద రెండు గడులు గీశాను: "పుస్తకం", "మన పాట". సీయోను అని ఉన్నచోట సీమోను. కాపరి ఉన్నచోట కాపురం. పద్నాలుగోది: అదనపు మాట, ఆయ్.

సరిగ్గా అప్పుడే మా ప్రసారం కింద ఎవరో, ఏ ఊరివాళ్లో, "పాట మధ్యలో ఆ ఆయ్ ఏంటి? పంటు ఎక్కుతున్నారా?" అని రాసి నవ్వు బొమ్మలు పెట్టారు. దాని కింద ఇంకో పదిమంది నవ్వారు. వార్షిక సభలు దగ్గర పడుతున్నాయి, బయటి నుంచి ప్రసంగీకులు వస్తారు. నాకు సిగ్గేసింది. శనివారం అభ్యాసంలో పాడేవాళ్లందరికీ చెప్పాను, పుస్తకంలో ఉన్నట్టే పాడదామని. పాటలాయన గారు ఆ రోజు పనికి వెళ్లడంతో అభ్యాసానికి రాలేదు. చాపలు పరుస్తున్న మామ్మగారి దగ్గరకు కూడా వెళ్లాను. ఎందుకంటే ఆ ఆయ్ అందరికన్నా ముందు అనేది ఆవిడే, గోడకున్న మైకు ఆవిడ నెత్తి మీదే ఉంది.

"మామ్మగారూ, ఆ ఆయ్ పాటలో లేదండీ. రికార్డింగులో మీ గొంతే ముందు వస్తోంది. రేపటి నుంచి అనకండి."

ఆవిడ చాప అంచు సరిచేసి నా వైపు చూసింది.

"ఆయ్, అలాగేనండి బాబూ" అంది.

ఆ జవాబులో ఏముందో నాకప్పుడు వినబడలేదు.

మర్నాడు ఆవిడ రాలేదు. శృతి అడగడానికి వెళ్లిన పాటలాయన గారు గోడ దగ్గర ఒక్క క్షణం నిలబడి వెనక్కి వచ్చారు. ఆ రోజు పాట ఎత్తుకోవడమే పైన ఎత్తుకున్నారు. పెద్దవాళ్ల గొంతులు ఒక్కొక్కటే రాలిపోయాయి. తర్వాతి శనివారం చాపలు ఇంకెవరో వంకరగా పరిచారు. తర్వాతి ఆదివారం కూడా గోడ ఖాళీగానే ఉంది. ఒంట్లో బాగోలేదేమో అన్నారు ఎవరో. నేను మైకు వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాను.

మూడో ఆదివారం ఆయన ఇరవై ఏడో పాట ఎత్తుకున్నారు. తెర మీద పుస్తకంలో ఉన్నట్టే ఉంది. "ఈ రేవు విడిచి నాతో వచ్చెదవా?" పాడి, ఆగి, చెయ్యి చెవి వెనక పెట్టుకున్నారు.

నాలుగు దెబ్బలు అయిపోయాయి. నేను చెప్పినట్టే ఎవరూ ఏమీ అనలేదు. ఆయన చెయ్యి దించలేదు. కీబోర్డు అబ్బాయి ఇంకో చుట్టు వాయించి, మొహం చూసి ఆపేశాడు. కొందరి పెదాలు కదిలి ఆగిపోవడం నేను కూర్చున్న చోటికి కనిపించింది. ఆయన గోడ వైపు చూశారు. చెయ్యి దించి, మైకు మొదటిసారిగా నోటి దగ్గర పెట్టుకున్నారు.

"ఈ పాట ఇక్కడితో ఆపేద్దామండీ. అడిగినాయనకి జవాబు రాలేదు."

మైకు వేదిక మీద పెట్టి, ఇస్త్రీ చొక్కాతో కింద చాప మీద కూర్చుండిపోయారు. అయ్యగారు లేచి ప్రార్థన చేశారు.

ఆరాధన అయ్యాక ఆయనే మిక్సర్ దగ్గరకు వచ్చారు.

"ఏం జరిగింది బాబూ?"

చెప్పేశాను. కాగితం కూడా చూపించాను. కోప్పడతారనుకున్నాను. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, పద్నాలుగూ వరసగా చదివారు. "బాగా పట్టేరు. ఇందులో మూడు నాకే తెలీవు" అన్నారు. తర్వాత నా చేతిలో పెన్సిల్ తీసుకుని, రెండు గడుల పక్కన మూడో గడి గీసి, పైన "ఎవరిది" అని రాశారు.

"సీమోను మా నాన్నది. పళ్లు పోయేక సీయోను అనలేకపోయేవోడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఇదిగో, ఈ కాపురం ఉంది చూడండి, 'నా కాపరి నను నిలుపును' అని కదా పుస్తకంలో. గల్ఫు వెళ్లిన మొగుడు రెండేళ్లు కబురు లేకుండా ఉంటే ఒకావిడ ఈ మూలన కూర్చుని 'నా కాపురము నిలుపును' అని పాడేది. ఏడుస్తా పాడుతుంటే ఎవరు దిద్దుతారండి? పక్కవాళ్లు కూడా అలాగే పాడేరు."

"కాపురం నిలబడిందాండీ?"

"నిలబడింది. తిరిగొచ్చేడు. ఇద్దరూ ఇప్పుడు వేరే మందిరానికి వెళ్తున్నారు. పాట మాత్రం మనకి వదిలేసి వెళ్లేరు."

పద్నాలుగో వరస దగ్గర పెన్సిల్ ఆగింది.

"ఇది మామ్మగారి మొగుడిది" అన్నారు.

మామ్మగారి భర్త నర్సాపురం వెళ్లే పంటు మీద తాడు విసిరే పని చేసేవాడట. ఇంజను పక్కనే నిలబడి నిలబడి చెవులు మందగించాయి. భార్య మందిరానికి వస్తే అడ్డు చెప్పేవాడు కాదు, తను మాత్రం గడప దాటేవాడు కాదు. చాలా ఏళ్లు అంతే. ఒక ఆదివారం వాన పట్టింది. భార్యకు గొడుగు ఇచ్చి పోదామని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పాటలాయన గారు ఇదే పాట పాడుతున్నారు. "రేవు" అన్న మాట, "వచ్చెదవా" అన్న మాట ఆయన చెవిన పడ్డాయి. ఖాళీలో పాటలాయన గారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నారు. రేవులో పంటు కోసం తననే ఎవరో అడుగుతున్నారనుకున్నాడు ఆ మనిషి. చెవిటివాళ్లు మాట్లాడే గట్టి గొంతుతో, "ఆయ్, వచ్చేస్తున్నానండీ" అన్నాడు.

"అందరూ నవ్వేరు బాబూ. నాకూ వచ్చింది నవ్వు. కానీ ఆయన మొహం చూస్తే నవ్వలేకపోయేను. అడిగేరు కాబట్టి చెప్పేడు, అంతే. నేను, 'వచ్చేయండి మరి, లోపల కుర్చీ ఉంది' అన్నాను. గొడుగు ముడిచి, లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆ తరవాత పోయేదాకా ఏ ఆదివారం మానలేదు. ఆ పాట వచ్చినప్పుడల్లా ఆ చోట ఆయ్ అనేవోడు. అది పాటలో తన వంతు అనుకున్నాడు. ఆయన పోయేక ఆ ఖాళీ రాగానే మామ్మగారు అంది. ఆవిడ ఒక్కర్తే అంటుంటే వినలేక మిగతావాళ్లం కలిసేం."

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మీరన్నది నిజమే" అన్నారు. "పుస్తకంలో లేదు. అడగడం వరకే పుస్తకంలో ఉంటాది. పదండి, బండి తీయండి."

మామ్మగారి ఇల్లు గట్టు దిగాక కాలవ పక్కన. వాకిట్లో కొబ్బరాకు చీపుళ్లు చీరుతూ కూర్చుంది. మమ్మల్ని చూసి పీట వేసింది.

"మూడు వారాలై రావట్లేదేటండీ?" అన్నారాయన.

"మోకాళ్లండి. నడవలేకపోతున్నాను."

"చీపుళ్లు పట్టుకెళ్లి రేవులో అమ్ముకొస్తున్నారంట కదా, ఆ నడకకి మోకాళ్లు ఊరుకున్నాయా?"

ఆవిడ నవ్వలేదు. నా వైపు చూడకుండా ఆకు చీరుతూనే చెప్పింది. "నేను నోరు మూసుకుని కూర్చోగలనండి. ఆ పాట వచ్చినప్పుడు కూర్చోలేను. నా ప్రమేయం లేకుండానే వచ్చేస్తాది. బాబుగారికి చెడ్డపేరు ఎందుకని."

ఒప్పుకోవలసినవి మూడు మాటలుగా వరసపెట్టి దారిలో అనుకుంటూ వచ్చాను. నోట్లోంచి ఒక్కటే వచ్చింది. "తప్పు నాదండి మామ్మగారూ."

"తెలీక అన్నారు బాబూ."

"తెలుసుకోకుండా అన్నానండి. తెర మీద రాస్తాను. ఈ ఆదివారం నుంచి."

"నాకు చదువు రాదు కదా. రాసినా రాయకపోయినా నాకెలా తెలుస్తాది?"

పాటలాయన గారు అందుకున్నారు. "రాసిన సంగతి మీకు కాదండీ మామ్మగారూ, మిగతావాళ్లకి. చదువుకున్నవాళ్లకి కనబడితే గాని నమ్మకం కుదరదు."

అప్పుడు నవ్విందావిడ. వచ్చే ఆదివారం గొంతు ఎలా ఉంటుందో చెప్పలేనని, అయినా వస్తానని చెప్పింది. మేం లేస్తుంటే నాకో చీపురు ఇచ్చింది, అమ్మకి ఇవ్వమని.

తిరిగి వస్తుంటే గట్టు మీద బండి ఆపమన్నారు. పంటు అవతలి ఒడ్డు నుంచి బయలుదేరింది. ఆ రోజు ఆయన అంత మెత్తగా ఉన్నారని ధైర్యం చేసి, చాన్నాళ్లుగా అడగాలనుకున్నది అడిగాను.

"మావయ్యగారూ, మీకెప్పుడూ అనుమానం రాలేదాండీ? అసలు వినేవాళ్లున్నారా అని?"

"ఎందుకు రాదు? వస్తాది. అలాంటి వారం ఇంకాస్త కింద ఎత్తుకుంటాను. నేను పాడకపోయినా మిగతావాళ్లు లాక్కుపోయేలాగ. మైకు దూరంగా పెట్టుకునేది ఎందుకనుకున్నారు ఇంజనీరు గారూ? నేను ఆపేసిన సంగతి మీ మిక్సర్‌కి తెలియకూడదని."

వార్షిక సభల్లో ఆ పాట పాడాం. తెర మీద, పల్లవి చివర, మిగతా అక్షరాలంతే పెద్దగా "ఆయ్" ఉంది. గోడ దగ్గర మైకు అక్కడే ఉంచాను. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకులు మొదటిసారి తలెత్తి చూశారు. మూడో చరణానికి వాళ్లూ ఆయ్ అన్నారు.

ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ నా కొలతలన్నీ అలాగే తప్పుతూ వచ్చాయి, నేనూ కొలవడం తగ్గించాను. మొన్న వానాకాలంలో పాటలాయన గారు పని నుంచి వచ్చి, అన్నం తిని, నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. మర్నాడు పొద్దున్న సమాధుల తోటకు తీసుకెళ్లాం. తెర లేదు, కీబోర్డు లేదు, మైకు కూడా లేదు. అయ్యగారి ప్రార్థన అయ్యాక పాట ఎవరు ఎత్తుకోవాలో ఎవరికీ తెలియలేదు. అన్నాళ్లూ ఆ పని ఇంకొకరికి పడలేదు మరి. మామ్మగారు మోకాళ్ల వల్ల, ఆయన్ని ఉంచిన పెట్టె పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కాసేపు చూసి ఆవిడే ఎత్తుకుంది, ఇరవై ఏడో పాట. శృతి చాలా కింద. అందరికీ అందింది.

"ఈ రేవు విడిచి నాతో వచ్చెదవా?"

ఖాళీ వచ్చింది. అలవాటుగా అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. అప్పుడు మామ్మగారు వద్దన్నట్టు ఎడమ చెయ్యి మా వైపు ఎత్తింది. కుడి అరచెయ్యి దొప్పలా చేసి, చెవి వెనక పెట్టుకుని, పెట్టె వైపు వంగింది.

నేను లెక్కపెట్టాను. నాలుగు దాటింది. ఎనిమిది దాటింది. ఆ తర్వాత లెక్క వదిలేశాను. కొబ్బరి ఆకుల మీంచి రాత్రి కురిసిన నీళ్లు చుక్కలుగా పడుతున్నాయి. రేవులో పంటు ఇంజను ఆగింది.

మామ్మగారు చెయ్యి దించి మా వైపు తిరిగింది.

"అన్నారండీ" అంది. "ఇంక పాడండి."